శ్వాసమార్గ కణజాల నమూనాలు

శ్వాసమార్గ కణజాల నమూనాలు అనగా మనిషి ముక్కు, శ్వాసనాళం, ఊపిరితిత్తుల నుండి సేకరించిన కణాలతో ప్రయోగశాలలో పెంచిన కణజాలాలు. గాలితో లోనికి వచ్చే ధూళిని, సూక్ష్మజీవులను శరీరం ఏ విధంగా ఎదుర్కొంటుందో తెలుసుకొనుటకు ఇవి ఉపయోగపడతాయి. పత్తికి, మిరపకు పేరుపొందిన ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలలోని కూలీల ఆరోగ్యానికి ఈ పద్ధతి ఎంతవరకు పనికివస్తుందన్నది ఆలోచించదగిన విషయం.

తయారీ

సన్నని రంధ్రాలు గల పొరపై కణాలను పరచి, క్రింద పోషక ద్రవం ఉంచి, పైభాగాన్ని గాలికి వదలుతారు. మూడు నాలుగు వారాలలో కొన్ని కణాలు శ్లేష్మాన్ని స్రవిస్తాయి. మరికొన్నింటిపై నూగు వంటి కేశాలు మొలిచి ఆ శ్లేష్మాన్ని నెడుతుంటాయి. ధూళి తగిలినపుడు రక్షక కణాలను పిలిచే సంకేతాలను విడుదల చేసేది కూడా ఈ పొరే.

2020లో హైదరాబాదులోని సీసీఎంబీ, బెంగుళూరుకు చెందిన ఐస్టెమ్ సంస్థతో కలిసి మానవ ఊపిరితిత్తుల కణాలలో కరోనా వైరస్‌ను పెంచే పని చేపట్టింది. అంతకుముందు నుండి వాడుకలో ఉన్న వీరో కణాలు కోతి మూత్రపిండానివి. వాటికి ఇంటర్‌ఫెరాన్‌ను తయారుచేసే శక్తి లేదు కనుక వైరస్ పెరుగుతుందే కాని, రోగనిరోధక స్పందన తెలియదు.

పత్తి, మిరప ధూళి

పత్తి ధూళి వలన వచ్చే బిస్సినోసిస్‌లో, వారాంతపు సెలవు తరువాత పనిలోకి వచ్చిన రోజున ఛాతీ బిగుసుకొనుట ప్రధాన లక్షణం. పత్తిపై ఉండే బాక్టీరియాల ఎండోటాక్సిన్‌ను దీనికి ముఖ్య కారణంగా భావిస్తారు. జిన్నింగు మిల్లు ధూళిలో నూగు ఎంత హాని చేస్తుందో, ఎండోటాక్సిన్ ఎంత చేస్తుందో విడదీసి చూచుటకు ఈ నమూనాలు అనువైనవి.

మిరప సంగతి వేరు. గుంటూరు యార్డులో టిక్కీలు మోసే హమాలీలకు, తొడిమలు తీసి తాలుకాయలు ఏరే స్త్రీలకు ఘాటు వలన దగ్గు రావటం మామూలే. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నాడుల మీది టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. దీనిని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది (మరొకరితో కలిపి). నాడులు లేని కణజాలం దగ్గదు. పైగా ఇరవై ఏళ్ళు పీల్చిన ధూళి ఫలితం కొన్ని వారాల కణజాలంలో కానరాదు. అందుకు కూలీలకే ఊపిరి పరీక్షలు జరపాలి.

చట్టాలు

2023 మార్చిలో భారత ప్రభుత్వం క్లినికల్ పరీక్షల నియమాలను సవరించి, జంతువులకు బదులు ఇటువంటి నమూనాలను వాడుటకు వీలు కల్పించింది. ఇది ఔషధాలకే పరిమితం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు వ్యాధుల పట్టికలో బిస్సినోసిస్ ఉండేది కాని మిరప ధూళి ప్రస్తావన ఉండేది కాదు. మార్కెట్ యార్డు ఫ్యాక్టరీ కూడా కాదు.