ఊళ్లోనే ఉండి సాఫ్ట్‌వేర్ కొలువు సాధ్యమేనా?

ఇంజనీరింగ్ చదివిన ఆడపిల్లలు ఇప్పుడు జనగామలో ఉన్నారు, మహబూబాబాద్‌లో ఉన్నారు, భూపాలపల్లిలోనూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ కొలువులు మాత్రం ఎక్కువగా హైదరాబాద్‌లోనే. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా నుంచి విడిపోయి ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. అయినా ఉద్యోగం కోసం మూట సర్దుకోక తప్పడం లేదు. జనగామ, మహబూబాబాద్ పిల్లలకు రైలైనా ఉంది, భూపాలపల్లికి అదీ లేదు. “ఆడపిల్లను అంత దూరం హాస్టల్లో ఎట్లా ఉంచుతం?” అనే మాట దగ్గర చాలా చదువులు ఆగిపోతాయి. అందుకే ఇంట్లోంచే చేసే ‘ఓపెన్ సోర్స్’ పని మీద ఆశ పుడుతోంది. ఇందులో బతుకుదెరువు ఉందా?

ముగ్గు లాంటిదే

వాకిట్లో ముగ్గును ఎవరూ దాచరు. ఎదురింటావిడ చుక్కలు లెక్కబెట్టుకుని, తన వాకిట్లో మరో వరస కలిపి వేస్తుంది. ఓపెన్ సోర్స్ కూడా అంతే. ప్రోగ్రామ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అలా పెరిగిందే. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని అడుగున ఉన్నది లినక్సే. మన తెలుగు ‘పోతన’ ఫాంటును దేశికాచారి గారు అందరికీ ఉచితంగానే ఇచ్చారు. ఆ పోతన ఊరు బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉంది.

మరి జీతం ఎవరిస్తారు?

సాఫ్ట్‌వేర్ ఉచితమైనా పనంతా ఉచితం కాదు. లినక్స్‌కు పనిచేసేవాళ్లలో చాలామంది కంపెనీల్లో జీతం తీసుకునేవారే. ఈ రంగంలో పేరున్న రెడ్‌హ్యాట్‌ను 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

రెండో వైపు కూడా చూడాలి. లోకమంతా వాడుకునే చిన్న ప్రోగ్రామ్‌లు కొన్నింటిని ఒకరిద్దరే జీతం లేకుండా మోస్తున్నారు. ‘ఎక్స్‌జెడ్’ అలాంటిదే. దాన్ని చూసుకునే మనిషి అలసిపోయి ఉన్నప్పుడు సాయం చేస్తానంటూ వచ్చిన వ్యక్తి నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో అది బయటపడింది. అచ్చం ఇంటిచాకిరీ లాగే కదూ! అందరూ వాడుకుంటారు, ఎవరూ లెక్కలో వేయరు. ఆగిపోతే గానీ విలువ తెలియదు.

2017లో గిట్‌హబ్ చేసిన సర్వేలో ఈ పని చేసేవాళ్లలో మహిళలు 3 శాతమే అని తేలింది. ఊరికే పనిచేయాలంటే తీరిక ఉండాలి. వంట, గిన్నెలు, పిల్లల హోంవర్కు అయ్యాక ఆడవాళ్లకు మిగిలేదెంత? అందుకే డబ్బిచ్చి నేర్పే పథకాలు ముఖ్యం. గూగుల్ 2005లో మొదలుపెట్టిన ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ అలాంటిది. 2022 నుంచి అందులోకి విద్యార్థులు కాని కొత్తవాళ్లనూ తీసుకుంటున్నారు. 2006లో మహిళల కోసం గ్నోమ్ మొదలుపెట్టిన కార్యక్రమమే తర్వాత ‘ఔట్‌రీచీ’ అయింది.

యంత్రమే రాస్తే?

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక చిన్నాచితకా కోడ్‌ను యంత్రమే రాసేస్తోంది. కొత్తగా చేరేవాళ్లు చేసే తేలిక పనులకే మొదటి ముప్పు. అయితే ఎక్స్‌జెడ్ దొంగతనాన్ని పట్టుకున్నది, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆరా తీసిన ఒక ఇంజనీరు. రాసింది సరైనదో కాదో చూడడం, తప్పు పట్టడం, వాడేవాళ్లకు తెలుగులో అర్థమయ్యేట్టు చెప్పడం... ఇవి తెలిసిన మనిషి అవసరం ఇంకా ఉంది.

కాబట్టి ఉన్న ఉద్యోగం మానేసి ఇందులోకి దూకడం మంచిది కాదు. నెల తిరగ్గానే డబ్బు వస్తుందనీ అనుకోవద్దు. కానీ చేసిన పని పేరుతో సహా నలుగురి కళ్లముందు ఉంటుంది. కొలువు అడిగేటప్పుడు ఊరి పేరు కంటే ముందు అది కనిపిస్తుంది. దానికి రోజూ రెండు గంటలు కావాలి. కోడలో, కూతురో ఆ రెండు గంటలు కంప్యూటర్ ముందు కూర్చుంటే, “ఖాళీగానే ఉన్నవు గదా” అని పని చెప్పకుండా ఉండగలమా? ఇంట్లోవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది అదే.