మరువం ఉందిగా!

మెక్సికన్ వంటలో ‘ఒరెగానో’ అని చూసి, పిజ్జాతో వచ్చిన పొట్లం చింపేస్తున్నారా? ఆగండి. అది పుదీనా, తులసి కుటుంబానిది. మెక్సికోవాళ్లు మొక్కజొన్న, మాంసం ఉడికించిన పొజోలే పులుసులో తినేముందు నలిపి చల్లుకునే ఒరెగానో వేరు. అది కంచెల వెంట రంగురంగుల పూలు పూసే లాంటానాకు చుట్టం. ఘాటుతోపాటు లీలగా నిమ్మ వాసన వస్తుంది. మన దుకాణాల్లో దొరకడం కష్టమే.

బదులుగా మరువం వేయండి. మనం దండల్లో కట్టే మరువమే విదేశీ వంటల్లోని మార్జోరమ్. ఒరెగానో ఎంత రాసుంటే ఎండు మరువం అంతే నలిపి వేసి, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే సరి. పూలకొట్టు మరువానికి మందులు కొట్టి ఉండొచ్చు, కుండీలో పెంచుకున్నదే వాడండి. వామాకు కూడా వేయొచ్చు కానీ, అర ఆకు చాలు. మించిందా, పులుసు బదులు కషాయం తాగినట్లే!