గడియారంలోకి మళ్ళీ నీళ్ళు

రోజూ కాలేజీకి వెళ్ళే దారిలో నాన్నగారింటికి వెళ్ళి, ఆయన చేతిగడియారానికి కీ ఇచ్చి వస్తాను. అది పాత హెచ్.ఎం.టి. గడియారం. ఇన్నేళ్ళూ కాఫీ తాగగానే ఆయనే కీ ఇచ్చుకునేవారు. ఈమధ్య వేళ్ళు వణకడంచేత ఆ పని నాకు అప్పగించారు. నిజం చెప్పొద్దూ, అది నాకు హడావిడి వేళ. ఆయన గడియారానికి కీ ఇస్తూ నా గడియారం చూసుకుంటూ ఉంటాను.

మొన్న మాటల్లో, "స్విట్జర్లండులో నీళ్ళతో గంటలు చూపించే చేతిగడియారం ఉందట, నాన్నగారూ!" అన్నాను.

"అందులో వింతేముందిరా? వెనకటికి మన పెళ్ళిళ్ళలో ఉన్నది అదేగా!" అన్నారాయన.

నిజమే. అడుగున సన్నని బెజ్జమున్న గిన్నెను నీళ్ళమీద వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలం గడియ, అంటే 24 నిమిషాలు. అలాంటివి 60 అయితే ఒక రోజు. లీలావతి ముత్యం అందులో జారిపడి, బెజ్జం మూసుకుపోయి, ముహూర్తం దాటిపోయిందన్న కథ మీరూ విన్నదే. గ్రీకులు తమ నీటిగడియారాన్ని 'నీటిదొంగ' అన్నారు. మన 'గడియారం'లో గడియ ఇంకా ఉంది, నీళ్ళే ఇంకిపోయాయి.

ఆ నీళ్ళను 2012లో మళ్ళీ తెచ్చినవారు నూషతెల్‌లోని హెచ్.వై.టి. అనే సంస్థవారు. ఆలోచన లూసియెన్ వుయామో అనే అణు ఇంజనీరుది. గడియారాన్ని నడిపేది మాత్రం నీళ్ళు కావు, మామూలుగా కీ ఇచ్చే స్ప్రింగే. అడుగున, ఆరు అంకె ఉండవలసిన చోట, కొలిమితిత్తుల్లాంటి బుల్లి తిత్తులు రెండున్నాయి. ఒకటి నొక్కుకుంటే రెండోది ఉబ్బుతుంది. రెంటినీ కలుపుతూ గుండ్రంగా తిరిగిన వెంట్రుకవాసి గాజుగొట్టం. అందులో ఒక పక్క రంగుద్రవం, మరో పక్క రంగులేని ద్రవం. నూనే నీళ్ళలా ఒకదానితో ఒకటి కలవవు. ఆ రెండూ కలుసుకునే హద్దే గంట. నిమిషాలకు వేరే ముల్లుంది. ఎండలోకి వెళితే ద్రవం ఉబ్బి గంట ముందుకు జరగకూడదు కదా! దాన్ని సర్దే ఏర్పాటూ లోపలే ఉంది. ఆరు కాగానే రంగు వెనక్కు పోయి, మళ్ళీ మొదటినుంచి బయలుదేరుతుంది.

ఆ యేడే జెనీవాలో దానికి నవకల్పన బహుమతి వచ్చింది. అప్పట్లో ధర నలభై వేల డాలర్ల పైమాట! ఇంత ఘనమైన గడియారం చేసినా సంస్థకు కాలం కలిసిరాలేదు. 2021లో దివాలా తీసి, కొత్త యజమానుల చేతిలో మళ్ళీ లేచింది.

నాకు నచ్చింది ధరా కాదు, బహుమతీ కాదు. ముల్లు ఈ క్షణాన్ని మాత్రమే చూపిస్తుంది. ఈ గొట్టంలో గడిచిందంతా రంగుగా వెనక నిలిచి ఉంటుంది. మిగిలింది తేటగా ముందు కనిపిస్తుంది. ఎంత అయిపోయిందో, ఎంత ఉందో, ఒక్క చూపుతో తెలుస్తుంది.

ఇదంతా విని నాన్నగారు, "దానికి ఎన్నాళ్ళకోసారి కీ ఇవ్వాలిరా?" అన్నారు.

"ఒకసారి ఇస్తే అరవై అయిదు గంటలు నడుస్తుందట."

"అంటే రెండ్రోజులకోసారన్నమాట. అయితే ఊరికే ఇచ్చినా నాకొద్దు."

"ఏం, నాన్నగారూ?"

"దీనికైతే నువ్వు రోజూ వస్తున్నావు," అన్నారు.

నేనేమీ మాట్లాడలేకపోయాను. గడియారం ఆయన చేతికి పెట్టి, పక్కనే కూర్చున్నాను. ఆవేళ కాలేజీకి ఒక గడియ ఆలస్యమైంది.