కుండ ముద్ర మీదుంది, నీళ్లు ఏ వీధిలో ఉన్నాయి?

ఊరు పట్టణమైతే పతకం పొయ్యాలట! ఒకవైపు పట్టణ ముద్ర, రెండోవైపు హోదా వచ్చిన తేదీ. ఐరోపాలో కోటగుమ్మం, సింహం బొమ్మలేసి కంచు పతకాలు పోయించుకున్న పట్టణాలు బోలెడు. మన పెద్దమనుషులకీ ఆ ముచ్చట తక్కువేం కాదు. శాలువా, జ్ఞాపిక లేకుండా ఏ ఉత్సవం గడిచింది గనక? మేం అడిగేది ఒకటే. ఆ పతకం ఎవరి మెడలో పడుతుంది?

భీమునిపట్నం 1861లోనే మున్సిపాలిటీ. శ్రీకాకుళం 2015లో నగరపాలక సంస్థ. బోర్డు మారింది. తెల్లారకముందే రోడ్డెక్కే రెల్లి అక్క చేతిలో చీపురు మారిందా? 2023 డిసెంబరు 26 నుంచి రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మె కట్టేరు. పతకాల కోసం కాదు, సమాన పనికి సమాన వేతనం కోసం, పర్మినెంటు కోసం. మురుగుగుంటలో దిగి చచ్చిన మనిషి కుటుంబానికి 10 లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో 30 లక్షలంది. పట్టణ హోదాకి రేటు కట్టాలంటే ఇక్కణ్ణుంచి కట్టండి.

ఇక ముద్ర సంగతి. 2018లో మన రాష్ట్రం మార్చుకున్న రాజముద్రకి నడుమ ఉన్నది అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం, నిండుకుండ. అది బౌద్ధుల కుండ. మన శాలిహుండం కొండ మీద వెలిగిందీ ఆ బౌద్ధమే. మరి కుండ ముట్టుకుంటే మైలన్నవాళ్లకి ఈ ముద్ర ఎలా మింగుడుపడిందో!

మహాడ్ మున్సిపాలిటీ 1924లో చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానం రాసింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకెళ్లి ఆ నీళ్లు దోసిలితో తాగారు. అదే ఏడు ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. హైకోర్టులో గెలిచేసరికి 1937 వచ్చింది. ముద్రేసిన కాయితానికి ఉన్న విలువ అంత.

మన భావనపాడునే చూడండి. ఏళ్లతరబడి ఈ ఊరి పేరుతో నడిచిన పోర్టుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగేసరికి అది మూలపేట పోర్టు అయిపోయింది. పేరే నిలవలేదు, మనుషులు నిలుస్తారా? రేపు ఓడలొస్తే బస్తీ వస్తుంది, బస్తీకి ముద్ర వస్తుంది. తెరచాప, చేప, లంగరు తప్పకుండా గీస్తారు. వల లాగినోడూ, నౌపడా ఉప్పుమడిలో కాళ్లు పగిలినోడూ బొమ్మకి పనికొస్తారు గానీ కౌన్సిల్లో కుర్చీకి పనికిరారేటి?

అన్నలారా, అక్కలారా! ముద్ర మాట ఎత్తిన రోజే పేటలో సభ పెట్టండి. వార్డుల గీత ఎక్కడ గీస్తున్నారు, పేటకి కుళాయి ఏ నెలలో వేస్తున్నారు, శ్మశానానికి దారెటు, ఊడ్చే మనిషి పర్మినెంటా కాంట్రాక్టా అని అడగండి. జవాబు కాయితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. ఆ తర్వాత పతకాలు ఎన్ని పోసుకుంటారో పోసుకోండి, మాకేటీ అభ్యంతరం లేదు.