ఎస్‌ఎస్‌ఎల్‌సి హాలులో కెమెరా, పిల్లల మనసులో భయం

2024లో కర్ణాటక ఎస్‌ఎస్‌ఎల్‌సి పరీక్ష హాళ్లలో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడాది 83.89 శాతం ఉన్న ఉత్తీర్ణత 73.40కి పడిపోయింది. అదీ గ్రేస్ మార్కులు 10 శాతం నుంచి 20 శాతానికి పెంచి కలిపాక వచ్చిన లెక్క. దీన్ని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారే తప్పుపట్టారు. 2025లో ఆ గ్రేస్ తీసేశారు, పరీక్ష-1 ఫలితం 62.34 శాతానికి దిగింది.

ఇదంతా కాపీ కొట్టడం ఆగడం వల్లే అని కొందరు తేల్చేశారు. అంత సులువుగా చెప్పలేం. 2024లో పది రాసిన పిల్లలు ఏడో తరగతి చాలా మటుకు కరోనా వల్ల ఇంట్లోనే గడిపారు. ఆ లోటు ఎవరు పూడ్చారు? అయినా కెమెరా పెట్టగానే ఇంత తేడా వచ్చిందంటే, కొన్ని ఏళ్లుగా పెద్దవాళ్లే చూసీ చూడనట్టు ఊరుకున్నారన్నది దాచినా దాగదు. చీటీ తెచ్చినవాడు పిల్లవాడే, కానీ కిటికీ తెరిచి ఉంచిందెవరు?

అమెరికాలో మిషెల్ బోర్బా అనే విద్యావేత్త 2001లో నైతిక మేధ అనే మాటను వివరిస్తూ ఏడు గుణాలు చెప్పింది. సహానుభూతి, మనస్సాక్షి, ఆత్మనిగ్రహం, గౌరవం, దయ, సహనం, న్యాయబుద్ధి. వినడానికి బాగానే ఉంటాయి. పరీక్ష హాల్లో మాత్రం వీటిలో ఒకటి ఇంకోదానితో కొట్లాడుతుంది. పక్క బెంచీలో ఏడుపు ముఖంతో ఉన్న స్నేహితుడికి పేపరు చూపిస్తే దయా, మోసమా? మన పిల్లల్లో చాలామంది దయే అంటారు. నీతి క్లాసులో వదిలిపెట్టాల్సిన ప్రశ్న కాదిది, వాళ్లతో కూర్చొని మాట్లాడాల్సింది. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో విడుదల చేసిన సర్వేలో దాదాపు 33 శాతం పిల్లలు తోటివాళ్ల ఒత్తిడికి లొంగుతామన్నారు. చదువు, పరీక్షలు, ఫలితాలే ఆందోళనకు కారణమన్నవాళ్లు 81 శాతం.

ఈ రెండు అంకెలూ కలిపి చూడండి. కాపీ కొట్టే పిల్లల్లో చాలామంది బద్ధకస్తులు కారు, భయస్తులు. 30 మార్కులు తెచ్చుకుని ఇంటికెళ్తే ఏమవుతుందో ఒక్కసారి కూడా చూడనివాడికి, ఆ పరిస్థితి తట్టుకోగలనన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, కుటుంబ కలహాల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ల వెనక నమ్మదగిన పెద్దమనిషి ఒకరైనా ఉండేవారు. అది అమ్మమ్మ కావచ్చు, టీచరు కావచ్చు.

కర్ణాటకలో 2023-24 నుంచి ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ పరీక్షలు పెడుతున్నారు, వచ్చిన వాటిలో మంచి మార్కులే నిలుస్తాయి. ఈ మార్పు నాకు నచ్చింది. తెలుగు మొదటి భాషగా 125 మార్కులకు రాసే మన పిల్లలకు, కన్నడంలోనో గణితంలోనో తగ్గినా ఏడాది పోదు. కానీ పరీక్ష-2 రాస్తున్నవాణ్ని చుట్టాల ముందు "ఫెయిలైనాడు" అని పరిచయం చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటప్పుడు మళ్లీ అవకాశాలు ఇచ్చి ఏం లాభం?

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలు మన బడికీ వర్తిస్తాయి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టకూడదు. టీచర్లకు ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబరు అందరికీ కనిపించేలా పెట్టాలి. ఆ నంబరు టెలి-మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో వీటిలో ఏవి అమలయ్యాయి, ఏవి కాలేదని పోషకులు యాజమాన్యాన్ని అడగాలి. సెక్షన్ల సంగతి ముందుగా.