పేరు బీజింగ్‌లో, ఫలం పల్లెల్లో

1924లో బీజింగ్‌లోని పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీ తొలి బ్యాచ్ పట్టాలు అందుకుంది. ఆ బ్యాచ్‌లో ఉన్నది ముగ్గురు. అప్పటికే చైనా జనాభా నలభై కోట్ల పైమాట. జపాన్ ఆక్రమణతో 1942లో మూతపడే దాకా ఆ కాలేజీ తయారుచేసిన డాక్టర్లు మూడు వందల చిల్లర మాత్రమే. అయినా ఆ కాలేజీ ఊసు లేకుండా ఆధునిక చైనా వైద్య చరిత్ర రాయడం ఎవరి తరమూ కాదు. ఇంత తక్కువమందితో అంత పేరు ఎలా వచ్చింది? ఆ పేరు వల్ల మామూలు రోగికి ఒరిగిందేమిటి? జిల్లా జిల్లాకూ మెడికల్ కాలేజీ వస్తున్న మన తెలుగు నేలపై కూడా అడగాల్సిన ప్రశ్నలివి.

మిషనరీ సంఘాలు 1906లో మొదలుపెట్టిన చిన్న కాలేజీని 1915లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కొన్నది. ఓ మంచూ రాకుమారుడి పాత ప్రాసాదం ఉన్నచోట, ఆకుపచ్చ పెంకుల కప్పులతో కొత్త భవనాలు లేచాయి. 1921లో జరిగిన ప్రారంభోత్సవానికి రాక్‌ఫెల్లర్ జూనియర్ స్వయంగా వచ్చారు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ దీనికి నమూనా. మూడేళ్ల సైన్సు చదువు, ఆపైన ఐదేళ్ల వైద్యం, బోధన అంతా ఇంగ్లిషులో. పేదింటి పిల్లలకు ఆ చదువు అందనిదే. కానీ ఆడపిల్లలకు తలుపు తెరిచారు. అలా వచ్చిన లిన్ చియావోజి 1929లో పట్టా పుచ్చుకుని, యాభై వేలకు పైగా పురుళ్లు పోశారని చైనాలో ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు.

పరిశోధనలోనూ కాలేజీ వెనకబడలేదు. పాత చైనా మూలికలో ఉన్న ఎఫెడ్రిన్ ఒంటిమీద ఎలా పనిచేస్తుందో 1920లలో ఇక్కడి ప్రయోగశాలలో తేల్చారు. అది తర్వాత ఉబ్బసం మందుగా ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. పెకింగ్ మానవుడి శిలాజాలను అధ్యయనం చేసిన డేవిడ్‌సన్ బ్లాక్ ఈ కాలేజీ శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్యుడే.

పేరుకు పరీక్ష 1926లో వచ్చింది. చైనా మేధావుల్లో అగ్రగణ్యుడైన లియాంగ్ చిచావ్‌కు మూత్రంలో రక్తం పడుతుంటే ఇక్కడి సర్జన్లు ఒక కిడ్నీ తీసేశారు. రక్తం ఆగలేదు. తీసిన కిడ్నీలో చెప్పుకోదగ్గ జబ్బేదీ కనబడలేదు. పత్రికలు భగ్గుమన్నాయి. అప్పుడు రోగే కలం పట్టి, తనకు జరిగినదాన్ని చూపి కొత్త వైద్యాన్నే కాదనవద్దని జనాన్ని కోరాడు. నష్టపోయినవాడే శాస్త్రం పక్షాన నిలబడటం అరుదైన ఔదార్యం. అయితే ఆ ఔదార్యంతో ఆసుపత్రి బాధ్యత తీరిపోదు. సంస్థ పరువును రోగి కాపాడాల్సి రావడం ఆ సంస్థకు గర్వకారణం కాదు.

నా దృష్టిలో ఈ కాలేజీ అసలు ఘనత ఆపరేషన్ థియేటర్లలో లేదు. అక్కడ ప్రజారోగ్యం బోధించిన జాన్ గ్రాంట్ అనే ఆచార్యుడి పట్టుదలలో ఉంది. మిషనరీ వైద్యుడి కొడుకుగా చైనాలోనే పుట్టిన గ్రాంట్, మంచం మీది రోగిని చూసి నేర్చిన చదువు సగమే అని నమ్మాడు. 1925లో బీజింగ్‌లో ఒక వార్డును ఎంచుకుని ఆరోగ్య కేంద్రం తెరిపించాడు. దాదాపు లక్షమంది ఉండే ఆ వార్డే విద్యార్థులకు తరగతి గది. పుట్టుకలు, చావులు, బళ్లలో పిల్లల ఆరోగ్యం, ఇంటింటికీ వెళ్లే నర్సుల పని, అన్నీ అక్కడే నేర్చుకోవాలి. ఆయన తోటి వైద్యురాలు యాంగ్ చోంగ్‌రుయి మంత్రసానులకు శుభ్రత నేర్పారు. బొడ్డు కోసే కత్తి వల్ల పసికందులకు సోకే ధనుర్వాతాన్ని అడ్డుకోవడం అందులో ముఖ్యమైన పని.

గ్రాంట్ శిష్యుడు చెన్ జిచియన్ 1932లో డింగ్‌షియన్ అనే వెనకబడిన ప్రాంతానికి వెళ్లాడు. డాక్టరును పోషించే స్తోమత ఊళ్లకు లేదని గ్రహించి, చదవడం రాయడం వచ్చిన రైతు యువకులకే కొద్ది రోజుల శిక్షణ, ఒక మందుల పెట్టె ఇచ్చాడు. మశూచి టీకా వేయడం, ప్రథమ చికిత్స, జననమరణాలు రాసిపెట్టడం వారి పని. వారి చేతిలో తేలనిది పై కేంద్రానికి, అక్కడా తేలనిది పట్టణ ఆసుపత్రికి వెళ్లేది. 1960ల చివర చైనా ఊరూరా నిలబెట్టిన ‘బేర్‌ఫుట్ డాక్టర్ల’కు పాదు ఇక్కడే పడింది. విచారమేమిటంటే, ఆ రోజుల్లోనే ఈ కాలేజీ ఆసుపత్రి బోర్డు మీద ‘సామ్రాజ్యవాద వ్యతిరేక ఆసుపత్రి’ అని రాశారు. చెన్‌ను దశాబ్దాలపాటు మరుగున పెట్టారు.

గ్రాంట్ కథ చైనాలో ఆగలేదు. 1939లో ఆయన కలకత్తాలోని అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థకు డైరెక్టరుగా వచ్చాడు. 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ ఆలోచనలపై ఆయన ప్రభావం గట్టిగానే ఉంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పునాది ఆ నివేదికే. ఏ మండలంలోనైనా పీహెచ్‌సీ గేటు దాటి లోపలికి వెళ్లే తెలుగువాడు, తనకు తెలియకుండానే, బీజింగ్‌లో మొదలైన ఆలోచన నీడలోకి వెళుతున్నాడు.

1979లో మళ్లీ తెరుచుకున్న ఈ కాలేజీ పేరు ఇప్పటికీ శిఖరం మీదే ఉంది. దాని ఆసుపత్రి చైనా జాబితాల్లో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో నిలుస్తోంది. కానీ 2025లో మచ్చ పడింది. వేరే డిగ్రీ చేసినవారికి నాలుగేళ్లలో వైద్యం నేర్పేందుకు 2018లో పెట్టిన కోర్సులో ఒకరి ప్రవేశంపై దుమారం రేగింది. జాతీయ ఆరోగ్య కమిషన్ దర్యాప్తు తర్వాత ఆ వ్యక్తి పట్టా, వైద్య లైసెన్సు రద్దయ్యాయి. సీట్లు కొన్నే ఉన్నచోట దొడ్డిదారి కూడా ఉందని తెలిస్తే జనం ఊరుకోరు. ఆ కోపం న్యాయమైనది. ముగ్గురితో మొదలైన సంస్థకు ఎంపికలోని నిజాయితీ తప్ప వేరే ఆస్తి ఏముంది?

మన దగ్గర చర్చ సీట్ల లెక్క దగ్గరే తిరుగుతోంది. కాలేజీ ఎన్ని ఊళ్ల బాధ్యత తీసుకుంటోందని అడిగేవారు తక్కువ. వైద్య విద్యార్థులు కుటుంబాలను దత్తత తీసుకోవాలన్న జాతీయ వైద్య కమిషన్ నిబంధన గ్రాంట్ దారిలోదే. దాన్ని రికార్డు పుస్తకం నింపే తంతుగా మిగల్చకూడదు. కొత్త కాలేజీ ప్రతిదానికీ ఒక మండలాన్ని అప్పగించాలి. కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో ఖాళీలన్నీ నింపాలి. ఆ మండలంలో ఎందరు తల్లులు, ఎందరు పసిబిడ్డలు ఎందువల్ల చనిపోయారో ఏటా ప్రజల ముందు పెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈ పని ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.