షూటింగుకు చోటు చూసేవారు ఊరిని అడగాలి

శీతకాలం వచ్చిందంటే నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లే ఘాట్ రోడ్డులో తెల్లవారకముందే రద్దీ మొదలవుతుంది. మంచు చూసి మధ్యాహ్నానికి దిగిపోయేవారు కొందరు. షార్ట్ ఫిలిం తీయడానికి లొకేషన్లు వెదుక్కొంటూ ఊరూరా ఆగేవారు మరికొందరు. సెల్‌ఫోనుతోనే సినిమా తీయగల రోజులివి. పెద్ద కంపెనీ అండ లేకుండా సొంత డబ్బుతో కథ చెప్పాలనుకునే యువకులు ఈ ప్రాంతానికి రావడం హర్షించదగినదే. కాని కొండ, మంచు బాగున్నాయని చూసుకొని, అక్కడి మనుషులను అడగకుండానే పని మొదలుపెట్టడం విచారకరం.

సినిమా వారికి ఈ కొండలు కొత్త కాదు. 1974లో విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రం షూటింగు చింతపల్లి ప్రాంతంలో జరిగింది. 1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం మొదట దాడి చేసింది ఆ చింతపల్లి పోలీసు స్టేషన్ మీదనే. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట నర్సీపట్నానికి దగ్గరే. దర్శకుడు పూరి జగన్నాథ్ పెరిగిందీ ఈ ప్రాంతంలోనే. 2024లో లంబసింగి పేరుతోనే ఒక సినిమా వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న చోటును వట్టి మంచుతెరగా వాడుకొని పోతే ఊరితోపాటు సినిమా కూడా నష్టపోతుంది.

చిక్కంతా అదనుతో వచ్చింది. మంచు పట్టే నెలలే మైదానంలో వరికోతలు, నూర్పుల నెలలు. ఏజెన్సీలో కాఫీ పండ్లు కోసేదీ అప్పుడే. కెమెరాకు అందంగా కనిపించే కళ్లం రైతుకు ఏడాది కష్టం. ‘అరగంటే కదా’ అని కుప్ప పక్కన లైటు పెడితే ఆ అరగంటా కూలీల పని నిలిచిపోతుంది. అరకు వైపు వలిసె పూలు పూసినప్పుడు చేలోకి దిగి ఫోటోలు తీసుకునేవారి దగ్గర రైతులు పదో పరకో వసూలు చేస్తున్నారంటే కొందరు నవ్వుతారు. తొక్కిన చేనుకు గింజ రాదని తెలిసినవారు నవ్వరు.

ఊరిని అడిగితే సినిమా తీసేవారికే లాభం. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ తీస్తున్నప్పుడు రెల్లుపూల బయలులో కొంత దృశ్యం తీసి, కొన్నాళ్లకు తిరిగి వెళ్లేసరికి పశువులు పూలన్నీ మేసేశాయి. మళ్లీ పూలు పూసేదాకా ఆయన ఆగవలసి వచ్చింది. పశువులను ఎప్పుడు ఎటు తోలుతారో పశువుల కాపరికే తెలుసు. మంచు ఏ వేళకు విడుతుందో, గెడ్డ ఏ వానకు పొంగుతుందో, సంత ఏ వారమో, ధనుర్మాసంలో గుడి మైకు ఎన్నింటికి మోగుతుందో చెప్పగలిగింది ఊరివారే. సెలవు రోజున వచ్చి ఫోటో తీసుకుపోయినవారికి రైసుమిల్లు చప్పుడు షూటింగు రోజున గాని వినిపించదు. అందుకే ఒకే చోటును రెండుసార్లయినా, అదీ షూటింగు జరిపే వేళకే వచ్చి చూసుకోవాలి.

2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఇందుకు మంచి ఉదాహరణ. విశాఖలోని ఆ పేటలోనే సినిమా తీశారు. పాత్రల్లో చాలావాటిని అక్కడివారే పోషించారు. పేటవారిని కలుపుకొన్నందునే ఆ చిత్రానికి అంత నిజం అబ్బింది.

అనుమతుల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 2022లో జిల్లాలు విడిపోయాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోనూ, లంబసింగి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ ఉన్నాయి. రిజర్వు అడవిలో అడుగు పెట్టాలంటే అటవీశాఖ అనుమతి తప్పదు. ఇల్లు, కళ్లం, జీడిమామిడి తోట అయితే యజమాని ఒప్పుకోవాలి. సంతలో గిరిజన స్త్రీలను తీయాలంటే వారినే అడగాలి. పక్కనున్న మగవాడు తలూపితే చాలదు.

డబ్బులేని కుర్రవాళ్లకు ఇన్ని షరతులా అని కొందరు అడగవచ్చు. అడగడానికి డబ్బు అక్కరలేదు. పని చెడినవారికి ఆనాటి కూలి ఇవ్వడం, చెత్త ఏరి తీసుకుపోవడం పెద్ద ఖర్చూ కాదు. పంచాయతీ ఆఫీసులో ఒక పుస్తకం పెట్టి ఎవరు వచ్చారు, ఎవరి స్థలం వాడారు, ఏమి ఇస్తామన్నారు అన్నది రాయిస్తే తగవులు ఉండవు. మళ్లీ వచ్చేవారికి అదే లొకేషన్ల జాబితాగా కూడా పనికి వస్తుంది.

గ్రామస్థులు కూడా కారును చూసి ధర చెప్పరాదు. పెద్ద యూనిటును అడిగిన సొమ్మే కాలేజీ కుర్రవాణ్ణి అడిగితే, రేపు ఆ ఊరి పిల్లవాడే కెమెరా పట్టుకొని పొరుగూరు వెళ్లినప్పుడు అతనికీ అదే జవాబు ఎదురవుతుంది.

సినిమా పూర్తయ్యాక దాన్ని ఒక సాయంత్రం ఊరి బడి గోడ మీద చూపించాలి. తమ ఇల్లు, తమ గెడ్డ, తమ మాట తెరమీద చూసుకున్న ఊరు తరువాత వచ్చేవారిని కాదనదు.